బానెట్ మీద ఎడమ చెయ్యి

మా ఇంటి ఓనరుగారు పోయారు. గురువారం పొద్దున నేను మాదాపూర్ ఆఫీసులో మీటింగులో ఉండగా సెల్ మోగింది. ఆంటీ. ఓనరుగారి భార్య. ఏడవకుండా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పారు. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని కారు షెడ్డు దాకా వెళ్ళొచ్చారట. వరండాలో కుర్చీలో కూర్చున్నారట. ఆవిడ టిఫిను పట్టుకొచ్చేసరికి లేరట. "షెడ్డు దాకా వెళ్ళొచ్చారు" అన్న మాట ఆవిడ రెండుసార్లు చెప్పారు. అది నాకోసమేనని నాకు తెలుసు.

ఓనరుగారు అంటే అద్దె అడిగే మనిషి గుర్తొస్తాడు గానీ, ఆయన సంగతి రాయాలంటే నాకు ముందు ఒక కారు గుర్తొస్తుంది. మీగడ రంగు జర్మన్ బండి. ముక్కు మీద నక్షత్రం, లోపల డీజిల్ ఇంజను, నాకంటే వయసులో ఏడాది పెద్దది. గుడివాడ దగ్గర పల్లె నుంచి మద్రాసు వెళ్ళి సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరుగా స్థిరపడ్డ ఆయన, ఆ బండిని అక్కడే ఒక పాతకాలపు నటి దగ్గర కొన్నారు. పరిశ్రమ హైదరాబాదుకు తరలినప్పుడు అందరూ రైలెక్కితే, ఈయన మాత్రం ఆంటీనీ రెండు ట్రంకు పెట్టెల్నీ ఒక ఆవకాయ జాడీనీ ఆ బండిలో ఎక్కించుకుని రెండు రోజులు నడుపుకుంటూ ఫిల్మ్‌నగర్ వచ్చి దిగారు. దారిలో బండి ఎక్కడా మొరాయించలేదనీ, జాడీలో నూనె కూడా తొణకలేదనీ చెప్పుకునేవారు. నూనె సంగతి ఆంటీ ఎప్పుడూ ఒప్పుకోలేదు.

నేను ఆయన మేడమీద గదిలో దిగింది సాఫ్ట్‌వేరు ఉద్యోగం వచ్చిన కొత్తలో. అప్పుడు మా ఆఫీసు చుట్టూ బండరాళ్ళు పగిలి అద్దాల మేడలు లేస్తున్నాయి. వారానికో కొత్త కారు పార్కింగులోకి వచ్చేది. లోను మీద కొని, సీట్ల ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా తిప్పేవాళ్ళం. నేనూ ఒకటి బుక్ చేద్దామనే అనుకున్నాను. గదిలో దిగిన రెండో రోజు ఆయన షెడ్డు తెరిచారు. డ్రైవరు తలుపు తీసి మూశారు, అంతే. బీరువా తలుపు పడ్డట్టు ఒకటే బరువైన చప్పుడు. కొత్త కారు ఆలోచన ఆ చప్పుడుతో పోయింది.

ఆ రోజు నుంచి ఆయన నాకు అంకుల్, నేను ఆయనకు "సాఫ్ట్‌వేరు". పేరు పెట్టి పిలిచినట్టు గుర్తే లేదు. ఆదివారం వస్తే చాలు, నేను చిన్నపిల్లాడిలా ఆరింటికే కిందికి దిగేవాణ్ణి. కడగడం నా పని, నడపడం ఆయన పని. తాళంచెవి మాత్రం ముట్టనిచ్చేవారు కాదు. "బండి నీ మాట వినాలంటే ముందు దాని మాట నువ్వు వినాలయ్యా" అనేవారు. ఆయన వినేది చేత్తో. రోజూ పొద్దున కుడిచేతిలో కాఫీ గ్లాసు పట్టుకుని ఎడమ అరచెయ్యి బానెట్ మీద ఆనించి నిలబడేవారు, పిల్లలకి జ్వరముందేమోనని చూసినట్టు. ఇంజను నడుస్తుంటే ఎక్కడ తేడా ఉందో చెప్పేవారు. నడవకపోయినా అలాగే నిలబడేవారు, ఏం వినేవారో మరి.

ఆ కాలపు డీజిల్ బండి తాళం తిప్పగానే కదలదు. ముందు ఒక పిడి లాగి పట్టుకోవాలి, డాష్‌బోర్డులో చిన్న తీగ ఎర్రబడాలి, అప్పుడే స్టార్టు చెయ్యాలి. ఆ అరనిమిషం నాకు ఎంతకీ గడిచేది కాదు. ఆయన నా మోకాలి వణుకు చూసి, "దానికంటే ముందు నువ్వు వేడెక్కకు" అని నవ్వేవారు. తీగ ఎర్రబడేది. లోపల ఒక్కసారి గట్టిగా దగ్గి, ఒళ్ళు విదిలించుకుని ఇంజను లేచేది. ఎన్ని ఆదివారాలు చూసినా నాకు ఒళ్ళు జలదరించేది.

జూబ్లీహిల్స్ ఎత్తు మీదికి మెల్లగా ఎక్కుతుంటే వెనక కొత్త కార్లు హారన్లు కొట్టేవి. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపి, పెళ్ళికొచ్చినవాళ్ళకి దారిచ్చినట్టు అందరికీ దారి ఇచ్చేవారు. పార్కు గోడ పక్కన మాలాంటి పిచ్చివాళ్ళు నలుగురు కలిసేవారు. మధురానగర్ నుంచి ఒక పళ్ళ డాక్టరు తన తాబేలు కారులో వచ్చేవాడు. దానికి ఇంజను వెనకుంటుంది, డిక్కీ ముందుంటుంది. డాక్టరు ముందు మూత తీసి ఇడ్లీ పొట్లాలు బయటికి తీస్తుంటే, పార్కుకొచ్చినవాళ్ళు ఇంజను ఎవరో ఎత్తుకుపోయారని జాలిపడేవారు. రహమత్ నగర్ నుంచి మా బండి బాగుచేసే మేస్త్రి కూడా సెలవు రోజని చూడకుండా వచ్చేవాడు. బోల్టు కావాలన్నా బొంబాయి నుంచి తెప్పించాలి కదా, ఇలాంటి బండితో ఎలా వేగుతావని డాక్టరు ఒకసారి అడిగాడు. "మనం దీన్ని చూసుకుంటలేం సార్, గిదే మనల్ని చూసుకుంటుంది" అన్నాడు మేస్త్రి. ఓనరుగారు ఆ మాట ఆంటీకి చెప్పి, ఆ తర్వాత వారమంతా నాకూ చెప్పారు.

ఆయనకి ఒక్కటే గర్వం. ముప్ఫై ఏళ్ళలో తన వల్ల ఒక్క షూటింగూ ఆగలేదు. ఏనుగును తెమ్మంటే తెచ్చారు, ఎండాకాలంలో వాన కావాలంటే కురిపించారు. తెర మీద మాత్రం ఒక్కసారి కూడా కనబడలేదు. ఆ సంగతి ఆయన బాధగా చెప్పేవారు కాదు గానీ, చెప్పడం మాత్రం మానేవారు కాదు.

ఆయన పని మానేసిన రెండేళ్ళకి ఒక కంపెనీ వాళ్ళు బండి అడగడానికి వచ్చారు. కథలో హీరో మట్టిరోడ్ల వెంట ప్రయాణం చేసి సిటీకి చేరతాడు. వికారాబాద్ వైపు ఎర్రమట్టి దారుల్లో నాలుగు రోజులు తీశారు. ఆ నాలుగు రోజులూ ఆయన బండి వెంటే ఉన్నారు. ఆఖరి రోజున హీరో బానెట్ మీద ఎడమచెయ్యి ఆనించి దూరంగా చూసే క్లోజప్ అయింది. శనివారం సాయంత్రం బండి ఇంటికొచ్చింది. ఇంక ఒక్క షాటే మిగిలింది: ఆదివారం, జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా గేట్లోంచి ఆ దుమ్ము బండి లోపలికి రావాలి.

ఆ ఆదివారం తెల్లారుతూనే ఆయన బంగళా చూడ్డానికి నడిచి వెళ్ళారు. నేను కిందికి దిగాను. ఎర్రమట్టిలో మునిగి తేలిన బండిని చూసి చొక్కా చేతులు పైకి మడిచాను. మోతీనగర్‌లో మా నాన్న స్కూటరు కడగనిదే డ్యూటీకి బయల్దేరేవాడు కాదు. మురికి బండి ఎక్కడమంటే మా ఇంట్లో స్నానం చెయ్యకుండా గుడికి పోయినట్టే. రెండు బకెట్ల నీళ్ళు, నాలుగు షాంపూ ప్యాకెట్లు. పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టు తోమాను. ఏడున్నరకల్లా బండి తళతళలాడుతోంది. నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను నేనే మెచ్చుకుంటున్నాను.

గేటు తీసుకుని ఓనరుగారు, ఆయన వెనకే అసిస్టెంట్ డైరెక్టరు వచ్చారు. ఆ అబ్బాయి చేతిలో నాలుగు రోజుల ఫోటోల కట్ట ఉంది. బండిని చూశాడు, ఫోటో చూశాడు, మెట్టు మీద కూలబడ్డాడు. ముందు షాట్లో ఏది ఎలా ఉందో తర్వాతి షాట్లోనూ అలాగే ఉండాలి. కంటిన్యూటీ అంటారు. ఫిల్మ్‌నగర్‌లో చాయ్ అమ్మేవాడికి కూడా తెలిసిన ఆ సంగతి, కంప్యూటర్లకి పాఠాలు చెప్పే నాకు తెలియలేదు. హీరో ఒంటిగంటకి చెన్నై విమానం ఎక్కాలి. ఇవాళ తప్పితే మళ్ళీ రెండు నెలలకి గానీ దొరకడు. ముప్ఫై ఏళ్ళలో ఆగని షూటింగు నా రెండు బకెట్లతో ఆగబోతోంది.

ఎవరు కడిగారని ఆ అబ్బాయి అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఓనరుగారు అందుకున్నారు.

"నేనే కడిగించానండీ. పెద్దవాణ్ణయ్యాను, మర్చిపోయాను."

తన పేరంతా తీసి నా మీద కప్పేశారు. నేను ముందుకొచ్చాను.

"లేదు సార్, నేనే కడిగిన. అంకుల్‌కు తెల్వదు."

ఆయన నా వైపు ఒకసారి చూశారు. తిట్టలేదు. షాటు ఎన్నింటికని అడిగారు. పదకొండున్నరకని తెలిశాక, ఆంటీ దగ్గర పిండి జల్లెడ పట్టుకురమ్మని నన్ను పంపారు.

ఆ మూడు గంటలు నా జన్మలో మర్చిపోను. ఫిల్మ్‌నగర్ దుమ్ము తెల్లన, రాతి పొడి. మాకు కావలసింది వికారాబాద్ ఎరుపు. ఆయన తలుపులు తీసి కాళ్ళకింది పట్టాలు ఎత్తారు. కింద అంగుళం మందాన ఎర్రమట్టి. పైన మెరిస్తే చాలనుకుని నేను లోపల ముట్టుకోలేదు. నా బద్ధకమే మమ్మల్ని కాపాడింది. డిక్కీలోంచి, చక్రాల సందుల్లోంచి చెంచాలతో గోకాం. ఆంటీ కొంగు బిగించి వరండాలో కూర్చుని జల్లెడ పట్టారు. డీజిల్‌లో తడిపిన గుడ్డతో బండి ఒళ్ళంతా ఒక పూత పూసి, దాని మీద మట్టి చల్లాం. ఫోటోలు ఆ అబ్బాయి చేతిలో ఉన్నా ఓనరుగారు చూడలేదు. వైపరు తిరిగిన గీత, కుడి తలుపు మీద కొమ్మ గీసుకున్న చార, నంబరు ప్లేటు మీద ఎండిన బురద చుక్క, అన్నీ చేత్తో తడుముతూ చెప్పారు. రోజూ పొద్దున పలకరించే మనిషికి ఫోటో దేనికి?

ఇక ఒక్కటే మిగిలింది: క్లోజప్‌లో పడ్డ హీరో చేతి ముద్ర. హీరోని పిలిచి మళ్ళీ చెయ్యి పెట్టమనే ధైర్యం ఎవరికుంది? అడిగితే ఎందుకని అడుగుతాడు, చెబితే బండెక్కకుండానే వెళ్ళిపోతాడు. ఓనరుగారు పంచె మీద చెయ్యి తుడుచుకుని, ఎడమ అరచెయ్యి బానెట్ మీద ఆనించి, మెల్లగా తీశారు. అసిస్టెంట్ డైరెక్టరు ఫోటోతో పోల్చి చూసుకుని, ఆయన కాళ్ళకి దండం పెట్టాడు.

పదకొండున్నరకి బండి గేట్లోంచి వచ్చింది. ఒకే టేకు. నేను జనం వెనక మునివేళ్ళ మీద నిలబడి చూశాను. నా గుండె చప్పుడు మైకులో పడుతుందేమోనని భయమేసింది. పని ముగిసిందని ప్యాకప్ అన్నారు. అప్పుడు ఓనరుగారు నా దగ్గరికొచ్చి, ప్యాకప్ అనేదాకా సెట్లో ఎవరూ ఏదీ తుడవకూడదని మెల్లగా చెప్పారు. అంతటితో వదిలేస్తారనుకున్నాను. జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు కడుగు. కడిగి నువ్వే ఇంటికి తోలుకురా."

నేను నమ్మలేక చూస్తుంటే ఆయనే చెప్పారు: "అబద్ధం ఆడేవాడికి బండి ఇవ్వకూడదయ్యా. చప్పుడొచ్చినా రాలేదంటాడు."

పిడి లాగాను, తీగ ఎర్రబడింది, బండి లేచింది. ఆ పెద్ద స్టీరింగు వెనక కూర్చుని, ముక్కు మీది నక్షత్రాన్ని చూసుకుంటూ జూబ్లీహిల్స్ వాలు దిగుతుంటే నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. పక్క సీట్లో ఆయన ఏమీ విననట్టు గేరు వైపు చూస్తూ కూర్చున్నారు.

సినిమా రెండు వారాలు కూడా ఆడలేదు. మేం మాత్రం మూడుసార్లు చూశాం. గేటు సీను రాగానే ఆయన కుర్చీ అంచుకి జరిగి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. బండి లోపలికొచ్చింది. తెరంత బానెట్, దాని మీద ఐదు వేళ్ళు. "అదిగో, నేనే" అన్నారు. ముప్ఫై ఏళ్ళ సినిమా జీవితంలో ఆయన కనబడింది ఆ రెండు సెకన్లే. ఆంటీ చీకట్లో చప్పట్లు కొట్టారు.

నాలుగేళ్ళ తర్వాత నేను ఫిల్మ్‌నగర్ గది ఖాళీ చేసి, మోతీనగర్‌లో మా నాన్న దగ్గరికి మారిపోయాను. ఆదివారాలు మాత్రం మారలేదు. చివర్లో ఆయన చూపు మందగించి స్టీరింగు పూర్తిగా నాకు వదిలేశారు. ఆయన పోయే ముందు మూడు వారాలు ప్రాజెక్టు రిలీజని నేను వెళ్ళలేదు. రేపొస్తా, వచ్చే వారమొస్తా అన్నాను. బండి ఎక్కడికి పోతుందయ్యా, పని చూసుకో అన్నారాయన. ఆ మూడు ఆదివారాలు ఎవరైనా తిరిగిస్తానంటే ఏమైనా ఇస్తాను.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం షెడ్డు తెరిచాను. ఆరు వారాలుగా ఎవరూ కడగని బండి. పక్క స్థలంలో లేస్తున్న అపార్టుమెంటు దుమ్మంతా దాని మీదే ఉంది. అలవాటు చొప్పున బకెట్టు నింపుకుని, గుడ్డ తడిపి ముందుకెళ్ళాను. బానెట్ మీద ఎడమ అరచెయ్యి. రోజూ ఒకేచోట పెట్టేవారు కాబట్టి ముద్ర ఒక్కటే. వేళ్ళ చివర్లు మాత్రం కాస్త చెదిరాయి. గుడ్డలోంచి నీళ్ళు నా కాళ్ళ మీద కారుతున్నాయి.

ఆంటీ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆ ముద్రని చూశారు.

"తుడవకు నాయనా. ఆయన ప్యాకప్ చెప్పలేదుగా."

బకెట్టు పక్కన పెట్టేశాను. ఆవిడ మద్రాసు నుంచి వచ్చిన రోజులాగే వెనక సీట్లో కూర్చుని, తలుపు వేసుకున్నారు. అదే బరువైన చప్పుడు. పిడి లాగి పట్టుకున్నాను. ఈసారి నా మోకాలు వణకలేదు. తీగ ఎర్రబడింది. బండి దగ్గి లేచింది.

ఫిల్మ్‌నగర్ సందుల్లోంచి మెయిన్‌రోడ్డెక్కి, జూబ్లీహిల్స్ ఎత్తు మీదికి తిప్పాను. సిగ్నల్ దగ్గర కొత్త కారులో ఒకాయన అద్దం దించి, బండి మంచిదే గానీ కడుక్కోవచ్చు కదా అన్నట్టు చూశాడు. పచ్చదీపం పడింది. ఎదర రోడ్డు, రోడ్డుకి ఇవతల నక్షత్రం, నక్షత్రానికి ఇవతల, అద్దానికి ఆవల, ఇంజను మీద ఆనుకుని వింటున్న ఐదు వేళ్ళు.