హెడ్డుగారి చుట్టాలు

హెడ్ కానిస్టేబుల్ వీరరాఘవయ్యగారికి మనిషి కనబడితే చాలు, వరస కలపాలి. కలపనిదే ఊపిరాడదు. తిరువూరు బస్టాండులో జేబు కొడుతూ దొరికిన కుర్రాణ్ణి స్టేషనుకి నడిపించుకొస్తూ, దారిలోనే వాడి అమ్మమ్మ ఊరు ఆరా తీసి, గుమ్మం ఎక్కేలోగా అన్న కొడుకుని చేసేశారు. "మా అబ్బాయే, రాసుకోండి" అని కేసు రాయించారు. కేసు మాత్రం మానలేదు.

కులం అడ్డొస్తుందన్న దిగులు కూడా ఆయనకి లేదు. సైకిలు షాపు జోజప్పని నడిబజారులో బావా అని పిలిచినందుకు సొంత బావలు అలిగి రాకపోకలు మానేశారు. పోనీలే, జోజప్ప వస్తాడుగా అన్నారాయన.

ఊరంతా చుట్టమే గాని, కొత్త కానిస్టేబులు సుందరరావుకి మాత్రం ఏ వరసా దక్కలేదు. ఏడాదిగా "ఏమయ్యా సుందరరావూ" తోనే సరి. జేబుదొంగకున్న విలువ తనకి లేదని అతను లోపల్లోపల ఉడికిపోయేవాడు.

ఆ వేసవిలో మార్కెట్ యార్డు మైదానంలో బెజవాడ ఆర్కెస్ట్రా పెట్టారు. అదే సాయంత్రం విస్సన్నపేటకి మంత్రి వస్తున్నాడని ఎస్సైగారు స్టేషనంతా వెంటబెట్టుకుపోయారు. ఒక్క మంత్రిని కాయడానికి అంతమంది. గంపలగూడెం నుంచీ పెనుగొలను నుంచీ ట్రాక్టర్ల మీద దిగుతున్న జనాన్ని కాయడానికి హెడ్డుగారూ, సుందరరావూ.

ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య నేలలో పాతిన సర్వీ బాదులకి కట్టిన తాడొక్కటే అడ్డు. అది తెగితే పసిపిల్లలు నలిగిపోతారు. సుందరరావు కళ్ళు ఆ తాడుని వదల్లేదు. మనం సరిపోమండీ, ఆపించేద్దాం అని బతిమాలాడు.

"చుట్టాలున్నారుగా" అన్నారు హెడ్డుగారు.

అని, భార్య మాణిక్యమ్మగారిని తెచ్చి సరిగ్గా ఆ తాడు పక్కనే చాప వేసి కూర్చోబెట్టారు. తాడుకి ఇవతల, దొమ్మీలకి పేరుపడ్డ అంకారావు తన ముఠాతో దిగాడు. సుందరరావు లాఠీ చేతిలోకి తీసుకున్నాడు.

పాట మధ్యలో జనరేటరు ఆగింది. మైకు మూగబోయింది. ఈలలు లేచాయి. ఏం జరిగిందో చూద్దామని వెనకవాళ్ళు తోశారు, ముందువాళ్ళు వచ్చి తాడు మీద పడ్డారు. ఒక బాదు ఒరిగింది. అవతల పిల్లలు గుక్కపెట్టారు. సుందరరావు లాఠీ ఎత్తాడు. దెబ్బ పడితే జనం పరుగెత్తేది ఆడవాళ్ళ మీదికేనని తెలుసు. అయినా చెయ్యి లేచింది. వెనకనుంచి ఆ చేతిని గట్టిగా పట్టుకుని హెడ్డుగారు కేకేశారు.

"అంకారావల్లుడూ, మీ అత్త తాడు పక్కనే కూర్చుందిరా. ఆవిడ మీద పడతావా?"

అంకారావు తల తిప్పాడు. మాణిక్యమ్మగారు చాప మీంచి కదలకుండా, "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగారు.

ఊరిని వణికించే మనిషి సిగ్గుపడ్డాడు. తాడుకి వీపు పెట్టి రెండు చేతులూ చాచాడు. ముఠా అతని చేతులు అందుకుని గోడ కట్టింది. ఒరిగిన బాదు జోజప్ప బావకి అప్పజెప్పారు హెడ్డుగారు. పెనుగొలను వాళ్ళని కూర్చోబెట్టే పని అక్కడి బాబాయిలకి పడింది. బెయిలు మీదున్న జేబుదొంగ తాడు కొస పట్టుకున్నాడు. కాసేపైనా వాడి రెండు చేతులూ అందరికీ కనబడ్డాయి. జనం చతికిలబడ్డారు. జనరేటరు దగ్గి లేచింది.

పాట మళ్ళీ అందుకున్నాక సుందరరావు అడిగాడు. "అంకారావు మీకెట్లా అల్లుడండీ?"

"లాకప్పులో ఉన్నప్పుడు మా ఇంట్లోంచే అన్నం వెళ్ళేది. అల్లుడికి గాక ఎవరికి పంపుతాం?" తన కుడిచెయ్యి చాపి చూపించారు. "నాదీ కోపిష్టి చెయ్యేనయ్యా. నీకన్నా ముందే లేచేది. వరస కలిపేస్తే ఇంక లేవదు. చుట్టాన్ని ఎట్లా కొడతాం?"

"మరి నాకేం కలపలేదేంటండీ?" ఏడాది ఉక్రోషం గొంతులోకి వచ్చేసింది.

హెడ్డుగారు అతని లాఠీ తీసుకుని ఒరిగిన బాదుకి ఊతంగా ఆనించి, చేతిలో టిఫిను క్యారియరు పెట్టారు. "మీ అక్క నీకోసం తెచ్చింది. తిను."

మర్నాడు బస్టాండులో జేబుదొంగ ఎదురై, "నమస్తే మామయ్యా" అన్నాడు. సుందరరావు లాఠీ ఎత్తబోయి, హెడ్డుగారి అన్న కొడుకు తనకేమవుతాడో లెక్కేసుకుని, దింపేశాడు.

ఆ తర్వాత జేబు తడుముకున్నాడనుకోండి. చుట్టరికం చుట్టరికమే.