భానుమతి పొయ్యికి పొగ లేదు

ముదినేపల్లి సెంటర్లో కనకరత్నం టీ కొట్టుకి తొలి బోణీ ఎప్పుడూ నాంచారయ్యదే. పొద్దున్నే చేపల చెరువుకి మేత వేయడానికి వెళ్తూ ఆయన టీ తాగితేనే ఆమెకి ఆ రోజు మీద నమ్మకం. అలాంటి మనిషి, రెండు వేల ఎనిమిదిలో కంట్లో శుక్లాలు తీయించుకుని వచ్చాక, ఎదుటి కొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

"రత్నం, నీ ఊక పొయ్యి పొగ నా కళ్ళకి పడట్లేదమ్మా!" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

ఆ ఎదుటి కొట్టు ఎవరిదో కాదు, తోడికోడలు భానుమతిది. నిన్నగాక మొన్న పెట్టింది. ఎండుగడ్డి, రాలిన ఆకులు పొడి చేసి మిషన్లో నొక్కి తీసిన గుళికలట, బకెట్టంత ఇనప పొయ్యిలో పోస్తుంది. కింద చిన్న ఫ్యాను. మంట బుస్సుమంటుంది, పొగ జాడే ఉండదు. కనకరత్నం కళ్ళలో నిప్పులు పోసుకుంది.

"గేదెలకి చూపించినట్టు గడ్డి చూపించి నా మనుషుల్ని లాక్కుంటోంది" అని మొగుడు వీరాంజనేయులు దగ్గర పళ్ళు నూరింది.

"నువ్వూ ఒకటి కొనుక్కో. ఎలా వాడాలో భానుమతి చెప్తుందిగా" అన్నాడాయన.

"దాన్నడిగి నేర్చుకునే ఖర్మ నాకు పట్టలేదు!"

పొయ్యీ, గుళికల బస్తా గుడివాడ నుంచి తెప్పించింది. ఎవర్నీ అడగలేదు. ఊక పొయ్యిలో అయితే మధ్యన సీసా నిలబెట్టి, ఊకని కాస్త తడిపి, చుట్టూ దట్టంగా కూరి సీసా లాగేయాలి. అందులో ఆమెకి సాటి లేరు. ఆ అలవాటు చేత్తోనే గుళికల మీద నీళ్ళు చిలకరించి, సీసా పెట్టి, పచ్చడిబండతో కూరింది. గుళికలు ఉబ్బి, విడిపోయి, మళ్ళీ గడ్డిపొడై కూర్చున్నాయి. కిరసనాయిలు పోసి అంటిస్తే సెంటరంతా పొగ కమ్మేసింది. రోడ్డవతల నాంచారయ్య కళ్ళకి కండువా అడ్డం పెట్టుకున్నాడు.

భానుమతి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అక్కా, తడపకూడదు! నన్నడిగితే చెప్పేదాన్ని కదా!" అంటూ ఆ ముద్దంతా తీసి పారేసి, పొడి గుళికలు పోసి పైనుంచి అంటించింది. ఆ మాటలో ఎత్తిపొడుపన్నది లేదు. ఉన్నా బాగుండేదనిపించింది కనకరత్నానికి, నాలుగూ దులిపేసి ఉండేది.

పొగ విడిపోయింది. నాంచారయ్య రోడ్డు దాటి వచ్చి తన పాత చోట కూర్చున్నాడు. కనకరత్నం గ్లాసు అందించింది. ఆయన ఓ గుక్క తాగి, పొయ్యి వంక చూసి మురిసిపోయాడు.

"భానుమతి చెయ్యి పడగానే ఎంత శుభ్రంగా మండుతోందో చూడు రత్నం!"

కనకరత్నం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అదేంటక్కా, పొగ పోయిందిగా?" అంది భానుమతి.

ఇన్నేళ్ళూ కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా నెపం పొయ్యి మీదకి తోసేసిన మనిషికి, ఆ పూట ఆ పొగ కూడా మిగల్లేదు.