కాగితం ఒలిచిన డబ్బాలు

మా పాఠశాల కార్యాలయంలో ఉత్తరాలకు నకళ్లు రాయడం నా ఉద్యోగం. అందువల్ల ఏ నిర్ణయమైనా పదిమందికీ తెలియడానికి ముందు నాకు తెలుస్తుంది. తెలిసినా నోరు మెదపకపోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. అయితే ఇక్కడ చెప్పబోయే ఉత్తర్వు సంగతి మా ఆయమ్మకు నా ద్వారా తెలిసింది కాదు. ప్రధానోపాధ్యాయురాలు గారు తలుపు తెరిచి ఉంచి దానిని గట్టిగా చదివి నాచేత రాయించారు. ఆ సమయాన ఆయమ్మ వరండా తుడుస్తున్నారు.

ఉత్తర్వు సారాంశం ఇది: ఒకటి, రెండు తరగతుల పిల్లలకు వారానికి మూడుసార్లు జరుగుతున్న డ్రాయింగ్ పీరియడ్‌ను వచ్చే నెల మొదటి తేదీ నుంచి రద్దు చేసి, ఆ సమయాన్ని లెక్కలకు కేటాయించడమైనది. రంగు పెన్సిళ్లు, క్రేయాన్లు, కుంచెలు నెల తిరగకముందే సగానికి సగం కనిపించకుండా పోవడమే ఇందుకు కారణం.

ఆయమ్మ తడిగుడ్డ చేతిలో ఉండగానే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"మేడమ్, ఆ సామానంతా ఒక్క సంచిలో కుక్కుతున్నాం. కుమ్మరిస్తే ఏది ఎటు దొర్లిందో ఎవరికి తెలుస్తుంది? దేనికి దానికో చోటుంటే పోవు."

"చోటంటే బీరువా కావాలి. నువ్వు కొనిపెడతావా?"

"బీరువా ఎందుకండీ? ఇళ్లలో పారేసే డబ్బాలు చాలు. నెలాఖరు దాకా ఆగండి."

"ఆగుతాలే. నెలాఖరుకి నువ్వే వచ్చి లెక్కలే చెప్పించండి మేడమ్ అంటావు, చూడు."

సంతకం కాని ఆ కాగితం నా బల్ల మీదనే ఉండిపోయింది. ఆ పీరియడ్ కోసం మీరెందుకు ఇంత తాపత్రయపడుతున్నారని ఆయమ్మను అడిగాను. "ఎక్కువ చెత్త పడేది ఆ గంటలోనే సార్. కానీ వారమంతా నేను ఊడ్చే చెత్తలో ఆగి చూడబుద్ధేసేది అదొక్కటే" అన్నారు.

ఇక్కడికి రాకముందు ఆమె పద్దెనిమిదేళ్లు అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేశారు. అట్టను ఆమె ఊరికే మడవరు. బద్ద ఆనించి, చెంచా కాడతో గీత నొక్కి, ఆ గీత వెంట మడుస్తారు. కోయడానికి ముందు అట్టను వెలుతురుకు ఎత్తి, లోపలి ముడతల గీతలు ఎటు నడుస్తున్నాయో చూసి, పెట్టె గోడకు అవి నిలువుగా వచ్చేటట్లు కోస్తారు. అడ్డంగా కోసిన పెట్టె పది రోజుల్లో నడుం విరిగి కూర్చుంటుందట.

పిల్లలు ఇళ్ల నుంచి పాలపొడి డబ్బాలు, బిస్కెట్ల డబ్బాలు, చెప్పుల పెట్టెలు, గుడ్ల అట్టలు, షాంపూ సీసాలు తెచ్చారు. వాటిని ఆమె సాయంత్రం ఇంటికి మోసుకుపోయేవారు. ఒక ఆదివారం బద్ద ఇవ్వడానికి నేను వెళ్లేసరికి ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు.

"అత్తయ్యా, రేపు చెత్తబండి మన గుమ్మం ముందు ఆగితే, వాళ్లు ముందుగా ఎక్కించేది మిమ్మల్నే" అంటోంది కోడలు.

"నన్ను ఎక్కిస్తే వంట నీ నెత్తిన పడుతుంది. ఆ కత్తెర ఇటియ్యి."

కత్తెర ఇచ్చి, కోడలు తానే కూర్చుని సీసాలు కడగసాగింది.

ఆ పనితనాన్ని నేను దగ్గరగా చూశాను. డబ్బా అంచును పట్టకారుతో లోపలికి నొక్కి, ఆకురాయి పట్టి, ఆపైన దూదిపింజను అంచు చుట్టూ తిప్పేవారు. ఒక్క పోగు తగులుకున్నా మళ్లీ ఆకురాయి పట్టవలసిందే. షాంపూ సీసాలను ఏటవాలుగా కోసి, తడి కుంచెల నీరు కారిపోవడానికి అడుగున చిల్లులు పెట్టారు. చెప్పుల పెట్టెల్లో క్రేయాన్లకు అరలు కట్టారు. గుడ్ల అట్టలో గుంటకొక రంగు. చివరకు, చూపుకు ఒద్దికగా ఉండాలని, అన్నింటికీ ఒకే తీరు గోధుమరంగు కాగితం అంటించారు. వాటిపై పేర్లు గుండ్రని అక్షరాలలో రాసే పని నాకు అప్పగించారు. ఇరవై ఆరు చీటీలు రాశాను.

కిటికీల కింద, పిల్లల నడుము ఎత్తున వాటిని వరుసగా అమర్చాక ప్రధానోపాధ్యాయురాలు గారు చూసి, "బాగుంది, అచ్చం ఆఫీసులా ఉంది" అన్నారు. వారం గడిచేసరికి కుంచెల సీసాలో క్రేయాన్లు, క్రేయాన్ల పెట్టెలో పెన్సిల్ చెక్కిన పొట్టు చేరాయి. పదకొండు పెన్సిళ్ల ఆచూకీ లేదు. గడువు ఇంకా ఎనిమిది రోజులే ఉంది.

ఆయమ్మ ఎవరినీ కసరలేదు. ఒక మూల ఒకే బండను పదేపదే తుడుస్తూ పిల్లలను గమనించారు. రెండో తరగతి పిల్ల ఒకతె డబ్బా మీది కాగితాన్ని గోటితో గీకింది. అడుగున నీలిరంగు, దానిలో ఒక సొట్ట కనిపించాయి.

"ఇది మా అమ్మమ్మ డబ్బా! నేనే కిందపడేశా, అందుకే సొట్ట!"

అది మొదలు ఆ ఒక్క డబ్బాలో పెన్సిల్ తగ్గలేదు. ఎవరైనా నేల మీద వదిలేస్తే ఆ పిల్ల ఊరుకునేది కాదు. "ఏయ్, అది మా డబ్బాది. తెచ్చి పెట్టు!"

రెండు రోజులు చూసి ఆయమ్మ నా బల్ల దగ్గరకు వచ్చారు. "తప్పు మనదే సార్. ముస్తాబు చేసి, వాళ్ల డబ్బాలు వాళ్లకే తెలీకుండా చేశాం. మీ అక్షరాలు పోతున్నాయని బాధపడకండి."

"వాళ్లకు చదవడం ఇంకా సరిగా రాదు కదమ్మా" అన్నాను. ఆ ముక్క రాసేటప్పుడే తట్టి ఉండవలసింది.

తడిగుడ్డతో నానబెట్టి ఆమె కాగితమంతా ఒలిచేశారు. పీరియడ్ మొదలవగానే గది సంతలా మారింది. "అదిగో మాది!" "మా డబ్బాలో చెయ్యి పెట్టకు!"

"డబ్బా నీది. లోపలున్నవి అందరివీ" అన్నారు ఆయమ్మ. "ఎవరడిగినా ఇవ్వాలి. గంట కొట్టేలోపు అన్నీ ఇల్లు చేరాయో లేదో చూసుకోవడం నీ పని."

"చేరకపోతే?"

"వెతుకు. నేనూ వెతుకుతా."

ఇంటి నుంచి ఏమీ తేలేకపోయిన పిల్లవాడొకడు గోడకు అంటుకుని నిలబడ్డాడు. అతనికి తన సంచిలోంచి ఒక డబ్బా తీసి ఇచ్చారు. "ఇది మా కోడలి కాఫీపొడి డబ్బా. జాగ్రత్త నాయనా, ఇది పోతే నన్ను ఇంట్లోకి రానివ్వదు." అతడు రెండు చేతులా అందుకున్నాడు.

నెలాఖరు రోజున ప్రధానోపాధ్యాయురాలు గారు ఉత్తర్వు తీసుకుని నన్ను కూడా వెంట రమ్మన్నారు. మేము లోపలికి వెళ్లేసరికి గంట మోగింది. ఒక్కరూ బయటకు పరుగెత్తలేదు. సగంమంది బల్లల కింద దూరి ఉన్నారు.

"గంట కొట్టారుగా, వెళ్లరేం?"

"ఆకుపచ్చ క్రేయాన్ ఒకటి తక్కువుంది మేడమ్" అన్నది బల్ల కింది నుంచి ఒక గొంతు.

ఆవిడ నాలుగడుగులు నడిచి, డబ్బాలన్నీ ఒక్కొక్కటే వంగి చూశారు. ఆవిడ నడిచిన మేర బండల మీద ఆకుపచ్చ చారలు పడడం ముందుగా చూసింది పిల్లలే. ఒకడు పకపక నవ్వి నోరు మూసుకున్నాడు. ఆవిడ చెప్పు విడిచి తిరగేశారు. చితికిన క్రేయాన్ అడుగుకు అతుక్కుని ఉంది. దానిని గోటితో ఊడదీసి, "ఏ డబ్బాది?" అని అడిగారు. ఇరవై వేళ్లు ఒకే వైపు చూపించాయి. ఆవిడే వెళ్లి ఆ ముక్కను దాని అరలో పెట్టి వచ్చారు.

తరువాత చేతిలోని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి నాకిస్తూ, "దీనికి నకలు అక్కర్లేదండీ" అన్నారు.

ఆయమ్మ అప్పటికే గుడ్డ తడిపి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నారు.

"కాస్త పక్కకు జరగండి మేడమ్. తొక్కితే గదంతా పాకుతుంది."