వక్రా ఇసుకలో అహోం గుట్ట

మా పక్కింటి అక్కయ్యగారు పోయారు. శుక్రవారం పొద్దున్న ఇడ్లీపిండి రుబ్బుతుంటే ఆవిడ భర్త ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి చెప్పారు. నాకన్నా ముందు మా అమ్మాయి భోరుమంది. ఆ ఏడుపు వింటే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, అసూయ. నా కోసం ఇలా ఏడుస్తుందా అనిపించింది.

ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. రాస్తుంటే కుళ్ళు కూడా వెంటే వస్తోంది, ఏం చేయను!

ఆవిడది వరంగల్, మాది కాకినాడ. ఖతర్‌లో, ఈ వక్రా ఊళ్ళో మా రెండిళ్ళకీ ఒకటే గోడ. ఇక్కడికి రాకముందు వాళ్ళాయన అస్సాంలో చమురు బావుల దగ్గర పనిచేశారు. ఒకప్పుడు అస్సాంని ఏలిన అహోం రాజుల తొలి రాజధాని చరాయిదేవ్ అక్కడికి దగ్గరే. చనిపోయిన రాజుని ఒక గదిలో ఉంచి, ఆయనకిష్టమైన వస్తువులు పక్కన పెట్టి, పైన గుట్టలా మట్టి పోసి, చుట్టూ ఎనిమిది పలకల గోడ కట్టేవారట. వాటిని మైదామ్‌లంటారు. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? మా పిల్ల బడి నుంచి నేరుగా ఆవిడ వంటింట్లోకే వెళ్ళేది, రాత్రి అన్నం తింటూ ఇవే అప్పజెప్పేది. నేనిచ్చిన పాలు ముట్టదు గానీ, అక్కడ పాలు లేని ఎర్ర టీ గ్లాసుడు తాగేసేది!

"చిన్నపిల్లకి సమాధుల కథలెందుకండీ అక్కయ్యగారూ?" అని ఓసారి పుల్లవిరుపుగానే అడిగాను.

"సమాధుల కథ కాదు చెల్లె, ఇష్టాల కథ. మనకేమిష్టమో చెప్పి పోవాలె గదా. చెప్పకుంటె ఎన్క ఉన్నోళ్ళు ఏం పెడ్తరు?" అని నవ్వి, నాకూ ఆ టీ పోశారు. బాగుంది. అందుకూ ఒళ్ళు మండింది.

బడిలో ప్రదర్శనకి పిల్ల మైదామ్ నమూనా చేస్తానంది. ఇక్కడి ఇసుక ముద్ద కడితేగా! గంజి పోసి, పిసికి, ఆ గుట్టని నిలబెట్టింది నేను. బహుమతి ఇస్తూ టీచరు ఎవరు నేర్పారని అడిగితే, "మా పెద్దమ్మ" అంది. మీరే చెప్పండి, మండదా?

ఇక్కడ మనకి దహనానికి వీల్లేదు కదా, ఆవిడ పెట్టె విమానంలో హైదరాబాద్ వెళ్ళింది.

"పెట్టెలో పెద్దమ్మ పక్కన ఏం పెట్టారమ్మా?"

"ఏమీ పెట్టలేదే."

పిల్ల నాతో మాట్లాడటం మానేసింది.

మరుసటి శుక్రవారం వక్రా ఒడ్డుకి వెళ్ళాం. చేపల పడవలకి కాస్త దూరంగా, తడి ఇసుకలో అది గుంట తీసింది. చిటికెడు టీపొడి, సకినం ముక్క, ఒక పచ్చగాజు అందులో పెట్టి ఇసుకతో కప్పింది. చుట్టూ వేలితో ఎనిమిది పలకల గోడ దిద్దింది. నన్ను చెయ్యి వేయనివ్వలేదు.

ఇక ఉండబట్టలేక అడిగేశాను. "నేను పోతే ఏం పెడతావే?"

"నీకేమిష్టమో నువ్వెప్పుడూ చెప్పలేదు కదమ్మా."

అల వచ్చి గోడని ఒక పక్క కరిగించింది. నేను గబుక్కున మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా ఇసుక ఎత్తి ఆవిడ గుట్టకి అడ్డం పోశాను. ఈసారి పిల్ల వద్దనలేదు.

"కాల్చిన పనసగింజలు," అన్నాను.

"ఇంకా?" అంది అది, నా పక్కనే ఇసుక పోస్తూ.