నీలి లాంతరులో కొవ్వొత్తి

వీబ్కె హార్మ్స్ నడిపిన బార్ పేరు నీలి లాంతరు. పేరుకు లాంతరే కానీ, ఆ గుమ్మం లోపల కొవ్వొత్తి వెలగడం నేను ఒకే ఒక్కసారి చూశాను. ఆ ఒక్కసారీ చూడకుండా ఉంటే బాగుండేది.

హాంబుర్గ్ రేవులో తాగాలనుకునేవాడికి చోట్లకు కొదవ లేదు. పాట కావాలంటే మెట్ల వీధిలో ఎర్ర పిల్లి అనే బార్ ఉంది, జేబు ఖాళీ అయ్యేదాకా నవ్వుతూ పోస్తారు. తన్నులు కావాలంటే చేపల సంత వెనక తిమింగలం అనే ఇంకోటుంది, అక్కడ అడగక్కర్లేదు, వాళ్ళే పెడతారు. ఒంటరిగా కూర్చుని ఏడవాలనుకునేవాడు మాత్రం మా దగ్గరికి వచ్చేవాడు. వాడి ఏడుపయ్యేదాకా వీబ్కె ఏమీ అడిగేది కాదు. తర్వాత ఉప్పుమాంసం, బంగాళదుంప కలిపి మెదిపిన వేడి ముద్ద, దాని మీద ఒక గుడ్డు, పక్కన ఊరవేసిన చేప పెట్టి, "ముందు తిను. కడుపు నిండితే సగం ఏడుపు దానంతటదే పోతుంది" అనేది. నావికులంతా ఆమెను అమ్మా అని పిలిచేవారు, ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా. నేను ఒక్కదాన్నే పేరు పెట్టి పిలిచేదాన్ని. ఆ ముద్దలన్నీ మెదిపింది నేనే కాబట్టి ఆ మాత్రం హక్కు నాకుంది.

నా పేరు గేషె. వంట నాది, నోరు కూడా నాదే. నా నోట్లో నువ్వుగింజ నానదని వీబ్కె వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. నిజమే, ఎందుకు కాదనాలి? ఆ వంటింటికి తలుపు లేదు, గళ్ళ తెర ఒకటి వేలాడేది. ఉల్లిపాయలు తరుగుతూనే కౌంటర్ దగ్గరి గుసగుసలన్నీ వినేదాన్ని. వినపడకపోతే ఆమె చెప్పిన ఆర్డర్లు నాకెలా అందుతాయి?

వీబ్కె పెళ్ళయిన కొత్తలో అన్ని బల్లల మీదా కొవ్వొత్తులుండేవట. ఆమె మొగుడు డిర్క్ సముద్రం మీద ఉన్నప్పుడు, ఎవడో తాగుబోతు అగ్గిపుల్ల గీసే ఓపిక లేక సిగరెట్టును కొవ్వొత్తికి అంటించాడు. మరుసటి వారం డిర్క్ పోయిన కబురు వచ్చింది. మా రేవులో పసిపిల్లలకు కూడా తెలుసు, కొవ్వొత్తికి సిగరెట్టు అంటిస్తే ఎక్కడో ఒక నావికుడు పోతాడని. నాకు తెలిసి డిర్క్ పోయింది కుళ్ళిన మోకు తెగి. అయినా వీబ్కె ఆ రోజే కొవ్వొత్తులన్నీ బుట్టలో వేసుకెళ్ళి ఎల్బే నదిలో పారబోసింది. కొడుకు హిన్నెర్క్ పుట్టినరోజు కేకు మీద కూడా కొవ్వొత్తి పెట్టనివ్వలేదు. క్యారెట్ ముక్కలు గుచ్చి, "ఊదరా" అనేది. వాడు పాపం నిజంగానే ఊదేవాడు.

అంత కాపలా కాసినా వాడు నావికుడే అయ్యాడు. కాక ఏమవుతాడు, ఉగ్గుపాలతో పాటు ఓడల కబుర్లే తాగాడు కదా. వీబ్కె వాడితో కొన్నాళ్ళు మాట్లాడటం మానేసి, చివరికి తనే ఉన్ని చొక్కా అల్లి పంపింది. నా తమ్ముడు ఫోల్కెర్ట్ కూడా నావికుడే. అమ్మ పోయాక వాణ్ణి నేనే పెంచాను. కొవ్వొత్తి వెలిగిన ఆ నవంబరులో ఇద్దరూ కలిసి, ఎల్బే సముద్రంలో కలిసే చోటున్న కుక్స్‌హాఫెన్ రేవుకు బయల్దేరారు. హిన్నెర్క్ ఓడ అన్నెగ్రెట్ అక్కడ ధాన్యం ఎక్కించుకుంటోంది. ఫోల్కెర్ట్ ఓడ ఇంకా రాలేదు, వాడు ఒడ్డున ఎదురుచూడాలి.

హిన్నెర్క్ బుగ్గ వాచిపోయి ఉంది.

"ఏంట్రా అది, లోపల బంగాళదుంప దాచావా? పన్ను పీకించుకుని వెళ్ళు" అంది వీబ్కె.

"తిరిగొచ్చాక పీకించుకుంటాలే అమ్మా."

"భయం అమ్మా వాడికి" అన్నాడు ఫోల్కెర్ట్. "తుఫానంటే లెక్కలేదు, పటకారంటే ప్యాంటు తడుస్తుంది."

"నవ్వింది చాల్లే. నువ్వు పెద్దాడివి, వాణ్ణి కాస్త చూసుకో" అంది వీబ్కె.

"నీకెందుకమ్మా, చూసుకుంటా. మాటిచ్చా, సరేనా?"

నేను రొట్టె పొట్లం ఫోల్కెర్ట్ చేతిలో పెడితే వాడు వాసన చూసి మొహం చిట్లించాడు. "అక్కా, మళ్ళీ ఉల్లిపాయలా?"

"తిను. ఆ కంపుకి ఏ పిల్లా దగ్గరికి రాదు, నా తలనొప్పి తగ్గుతుంది" అన్నాను. వాడు నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

గాలి ఆ తర్వాత మొదలైంది. మొదట వాయవ్యం నుంచి సన్నగా వచ్చి, మర్నాడు మధ్యాహ్నానికి ఇళ్ళ పెంకులు లేపడం మొదలుపెట్టింది. ఆకాశం పచ్చగా పుండులా ఉంది. సముద్రపు పక్షులు ఎగరడం మానేసి మా వీధిలో గోడల పక్కన ముడుచుకు కూర్చున్నాయి, కాలితో తోసినా కదల్లేదు. రేవులో ఫిరంగి పేలింది, నీరు పెరుగుతోందని హెచ్చరికగా. ఆ చప్పుడుకు మా గ్లాసులన్నీ ఒకదానికొకటి తగిలాయి. ఎవరూ ఇంటికి పోలేదు. భయం వేసినప్పుడు మా వాళ్ళు ఇంట్లో ఉండరు, బార్‌కే వస్తారు.

రెండోసారి ఫిరంగి పేలాక కరెంటు పోయింది.

చీకట్లో ముసలి ఓన్నో కోటు జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీశాడు. రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపించి రిటైరైన మనిషి, దీపం లేకుండా ఉండలేడు.

"అది బయట పారెయ్" అంది వీబ్కె.

"అమ్మా, ఈ చీకట్లో నువ్వు సారా అనుకుని కిరసనాయిలు పోస్తావు. తాగి చచ్చేది నేనే కదా."

అందరూ నవ్వారు. ఆమె చివరికి కౌంటర్ అవతలి చివర చూపించింది. "అక్కడ పెట్టు. దాంతో ఎవడైనా సిగరెట్టు వెలిగించాడో, మెడ విరిచేస్తా."

మ్యూనిక్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన, రైళ్ళు ఆగిపోయి మా దగ్గర చిక్కుకున్నాడు. "వెలిగిస్తే ఏమవుతుంది?" అన్నాడు.

"సముద్రంలో ఒక నావికుడు పోతాడయ్యా" అన్నాడు ఓన్నో.

"ఎవరు?"

"అది ఎవరికీ తెలీదు."

ఆయన నవ్వబోయి మా మొహాలు చూసి ఆగిపోయాడు.

వీబ్కె బ్యాటరీ రేడియోను చెవి దగ్గర పెట్టుకుంది. నేను తెర కాస్త పక్కకు లాగి పొయ్యి దగ్గరే నిలబడ్డాను. గరగర శబ్దం మధ్యలోంచి ఒక గొంతు ఓడల పేర్లు చదువుతోంది. అన్నెగ్రెట్ అనే పేరు వినపడింది. ఎల్బే ముఖద్వారం దగ్గర ఇంజన్ ఆగిపోయిందట, సాయం కోరుతోందట, రక్షణ పడవ బయల్దేరిందట.

వీబ్కె మొహంలో ఏమీ మారలేదు. ఆమె చేయి మాత్రం ఆప్రాన్ జేబులోకి వెళ్ళి ఒక సిగరెట్టు తీసింది. అదే జేబులో అగ్గిపెట్టె ఉంది, ఎప్పుడూ ఉంటుంది. ఆమె దాన్ని తీయలేదు. కళ్ళు రేడియో మీదే ఉంచి, కౌంటర్ చివరికి నడిచి, వంగి, సిగరెట్టును కొవ్వొత్తికి అంటించి ఒక దమ్ము లాగింది.

అంతమంది చూస్తున్నారు. వాళ్ళ మొహాలు చూశాకే తను చేసిందేమిటో ఆమెకు తెలిసింది. మెల్లగా వేళ్ళ మధ్య సిగరెట్టు వైపు చూసుకుంది. తర్వాత దాన్ని అరచేతిలో నలిపేసింది, చర్మం కాలిన వాసన నాదాకా వచ్చింది.

"ఏం కాదమ్మా, అవన్నీ పాతకాలం మాటలు" అన్నాడు ఓన్నో. ఆయన గొంతే ఆయన మాట నమ్మలేదు.

మా బార్లన్నింటిలో కౌంటర్ మీద ఒక చిన్న రేకు పడవ ఉంటుంది, రక్షణ పడవల వాళ్ళకోసం చందా వేయడానికి. వీబ్కె గల్లాపెట్టె లాగి గుప్పిళ్ళతో చిల్లరంతా అందులో కుక్కసాగింది. పట్టనివి నేల మీద దొర్లాయి. అప్పుడే రేడియోలో ఆ గొంతు మళ్ళీ వచ్చింది. అన్నెగ్రెట్ మునిగిపోయింది. మనుషుల్ని పడవలోకి తీసుకున్నారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కణ్ణి అల కొట్టుకుపోయింది. పేరు చెప్పలేదు.

వీబ్కె రెండు చేతులూ రేకు పడవ మీద వేసి తల వంచింది. గొంతు పెంచలేదు, ఎదుటే ఉన్నట్టు సముద్రంతో మాట్లాడింది.

"ఒక్కడు కావాలా నీకు? తీసుకో. ఎవర్ని కావాలంటే వాణ్ణి తీసుకో, ఏ తల్లి ఏడ్చినా నాకనవసరం. నా బిడ్డ మాత్రం కాకూడదు."

తెర వెనక నేను ప్రతి మాటా విన్నాను. అందులో తప్పుందని కూడా నాకు అనిపించలేదు. హిన్నెర్క్‌ను ఎత్తుకు తిప్పిన చేతులు నావి.

ఫోన్ తీగలు తెగిపోయాయి. తెల్లవారేదాకా ఎవరూ కదల్లేదు. నీరు గుమ్మం దాకా వచ్చి, బురద వదిలి వెనక్కి పోయింది. ఎవరిదో లారీ దిగి, ఆ బురదలో అడుగులేసుకుంటూ, దవడ మీదుగా తల చుట్టూ కట్టుతో హిన్నెర్క్ లోపలికి వచ్చాడు.

వీబ్కె అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు. వాణ్ణి కొట్టింది, కావలించుకుంది, మళ్ళీ కొట్టింది. "ఎక్కడ చచ్చావురా! ఎక్కడ చచ్చావు!" నేను గరిటె పట్టుకునే బయటికి పరిగెత్తాను. ఏడుస్తూ నవ్వుతూ, "చివరికి పన్ను పీకించుకున్నావా పిరికి సన్నాసీ!" అన్నాను.

వాడు తల్లి భుజం మీదుగా నన్ను చూశాడు. వాడు నవ్వడం లేదు.

"పిన్నీ" అన్నాడు. "పన్ను పీకాక నాకు జ్వరం వచ్చింది. డాక్టరు ఓడెక్కొద్దన్నాడు. కెప్టెనేమో మనిషి లేకపోతే కుదరదన్నాడు. ఫోల్కెర్ట్... ఒక్క ట్రిప్పేగా, నీ బదులు నేను వెళ్తాలే అన్నాడు. నిన్ను చూసుకుంటానని అమ్మకి మాటిచ్చా కదా అన్నాడు. ఒడ్డుకు తెచ్చినవాళ్ళలో వాడు లేడు."

వీబ్కె చేతులు కొడుకు మెడ మీంచి జారిపోయాయి. ఆమె నా వైపు తిరగలేదు. కౌంటర్ చివర ఓన్నో కొవ్వొత్తి కరిగి ముద్దగా మిగిలి ఉంది.

సముద్రానికి చెవులున్నాయని నేను నమ్మను. ఓడను ముంచింది గాలి, ఆగిపోయిన ఇంజన్. అయినా ఆమె మీద కోపం రాలేదంటే అబద్ధం. కొన్నాళ్ళు ఆమె గిన్నెలో సూప్ పోస్తుంటే, ఆ వేడిదంతా ఆమె మొహాన కొట్టాలనిపించేది. కానీ నాకు వేరే ఇల్లేదీ? ఆమెకు మాత్రం నేను కాక ఎవరున్నారు? హిన్నెర్క్ సముద్రం మానేసి క్రేన్ పనిలో చేరాడు. సాయంత్రాలు వాడు లోపలికి రాగానే వీబ్కె నవ్వు ఆపేసేది, నేను తెర వెనక్కి పోయాకే వాడితో మాట్లాడేది. అలా ఏళ్ళు గడిచాయి. ఆ రోజు సంగతి మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు.

ఆమె జబ్బుపడిన ఏడాది, బార్ తెరవకముందు ఇద్దరం గ్లాసులు తుడుస్తున్నాం. ఆమె చేతిలోని గ్లాసు ఎప్పుడో ఆరిపోయింది, ఇంకా తుడుస్తూనే ఉంది.

"గేషె, ఆ తుఫాను రోజు... నువ్వు వంటింట్లో ఉన్నావు కదా?"

"ఆఁ, వంటింట్లోనే ఉన్నాను."

"అక్కడికి ఏమీ వినపడదు కదా?"

మా పక్కనే ఆ గళ్ళ తెర వేలాడుతోంది. అప్పటికది వెలిసిపోయి చిల్లులు పడింది. దాని వెనక కుండలో నీళ్ళు కాగుతున్న చప్పుడు మాకిద్దరికీ స్పష్టంగా వినపడుతోంది.

"వినపడదు" అన్నాను.