మీదేనండీ మామయ్యగారూ!

మర్యాదకు పోయి చెడినవాళ్ళు మా కృష్ణా జిల్లాలో చాలామందే ఉంటారు. మర్యాదగా టెన్నిస్ ఆడి, సొంత మామగారి పరువును క్లబ్బు నడిబొడ్డున పాతరేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నవ్వండి, పర్వాలేదు. మా ఇంట్లోవాళ్ళు ఇంకా నవ్వడం ఆపలేదు.

అప్పటికి నాకు పెళ్ళయి రెండు నెలలు. మాది మైలవరం. మా ఊళ్ళో టెన్నిస్ బంతి అంటే వీధిలో క్రికెట్ ఆడుకునేది. విజయవాడలో ఉద్యోగం వచ్చాకే రాకెట్ పట్టాను. ఆడింది తక్కువ, ఫోన్లో వీడియోలు చూసింది ఎక్కువ. గట్టు మీద కూర్చుని ఈత నేర్చిన పండితుణ్ణన్నమాట.

మామగారిదీ విజయవాడే, సిమెంటు వ్యాపారం. పెద్ద పొట్ట, మొరాయించే మోకాలు. ఆయనకు వచ్చింది ఒక్కటే దెబ్బ, స్లైసు. దోసకాయ చెక్కు తీసినట్టు బంతిని కిందికి కోసేవారు. అది అవతల పడ్డాక ఇక లేచేది కాదు. ఆయనకు మిగిలిన కోరిక కూడా ఒక్కటే, ఎదురింటి నారాయణరావుగారిని డబుల్స్‌లో ఓడించడం. ఆ మహానుభావుడు అంతకుముందు ఏడు క్లబ్బు పోటీలో గెలిచిన కప్పును తెచ్చి, సరిగ్గా మామగారు కాఫీ తాగే బాల్కనీకి ఎదురుగా కిటికీలో పెట్టాడు. అప్పటికి ఏడాదిగా మామగారికి కాఫీ చేదుగానే ఉండేది.

ఆ ఏడు ఆయన పాత జోడీదారుకు నడుం పట్టేసింది. "మన అల్లుడుగారు ఆడతారటగా!" అన్నారు అత్తగారు గర్వంగా. కాదనడానికి నాకు బుద్ధి ఉండాలిగా!

మొదటిరోజు ప్రాక్టీసులోనే మొదలుపెట్టాను. "మామయ్యగారూ, మీ స్లైసు పాతకాలందండీ. ఇప్పుడంతా టాప్‌స్పిన్. కింది నుంచి పైకి ఎత్తి తిప్పాలి."

"ఇది బానే పనిచేస్తోంది కదండీ అల్లుడుగారూ..."

"పనిచేస్తే కప్పు ఎదురింట్లో ఎందుకుంటుందండీ?"

పాపం, ఆయన రాకెట్‌ను కింది నుంచి పైకి తిప్పి చూసుకున్నారు. కాలేజీ జట్టులో ఆడిన మా ఆవిడ లావణ్య పక్కనుంచి, "నాన్నా, నీ దెబ్బ నువ్వు కొట్టు" అంది.

"నువ్వూరుకోవే! అల్లుడుగారు చెబుతున్నారుగా!" అని అత్తగారు కసిరారు.

సూర్యుడు పడమట పొడిచాడని కొత్త అల్లుడంటే, మా అత్తవారింట్లో కిటికీలు అటు తిప్పిస్తారు. ఆ అలుసు చూసుకుని రెచ్చిపోయాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా మందుకు ఉన్న స్లైసు ఊడింది, టాప్‌స్పిన్ మాత్రం మొలవలేదు. ఆయన కొట్టిన బంతులు కంచె దాటి రోడ్డు మీద ఆటోలకు తగిలేవి. "అలవాటవుతుందండీ" అనేవాణ్ణి, ఏదో నేను పుట్టుకతోనే నేర్చినట్టు.

ఎదుటివాళ్ళ తప్పుల పుణ్యమా అని ఫైనల్‌కు చేరాం. అక్కడ నారాయణరావుగారి జోడీతో ఆట చివరిదాకా సమంగా సాగింది. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు మాదే. అప్పుడు బంతి మెల్లగా తేలుతూ మా ఇద్దరి మధ్యకు వచ్చింది. అలాంటప్పుడు ఎవరో ఒకరు "నాది!" అని అరిచి కొట్టాలి. అది నాకూ తెలుసు. కానీ క్లబ్బంతా చూస్తుండగా కొత్త అల్లుడు మామగారి ముందు "నాది! నాది!" అని అరిస్తే ఎలా ఉంటుంది? ఆస్తి పంపకాల్లో కేకలా ఉండదూ?

"మీదేనండీ మామయ్యగారూ!" అని వినయంగా ఒక అడుగు వెనక్కేశాను.

"అబ్బే, మీరు కానివ్వండి అల్లుడుగారూ!" ఆయనా ఒక అడుగు వెనక్కేశారు.

"మీరుండగా నేనాండీ!"

బంతి పడింది. ఎవరూ పలకరించని చుట్టంలా ఇంకోసారి కూడా పడి, దొర్లుకుంటూ వెళ్ళిపోయింది.

"ఏవండోయ్, విస్తళ్ళ దగ్గర మర్యాదలు ఇక్కడ కూడానా? నెయ్యి కూడా వడ్డించమంటారా?" అన్నారు నారాయణరావుగారు వల అవతల నుంచి. క్లబ్బంతా గొల్లుమంది.

తర్వాతి రెండు పాయింట్లూ మామగారి టాప్‌స్పిన్ పుణ్యాన కంచె దాటాయి. కప్పు మళ్ళీ ఆ కిటికీకే చేరింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "రాకెట్ తీగెలు వదులయ్యాయండీ..." అని అందుకోబోయాను.

మామగారు నా వైపు తిరిగారు. రెండు నెలలుగా మీరు, గారు తప్ప ఎరగని ఆ నోటితోనే అన్నారు.

"ఒరేయ్, నోర్ముయ్."

అత్తగారు విన్నారు. ఆ పూట నా అన్నంలోకి నెయ్యి కూడా రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటేడు నా స్థానంలో లావణ్య దిగింది. "నాన్నా, జరుగు! నాది!" అని అరుస్తూ బాదింది. మామగారు హాయిగా స్లైసులు కోసుకున్నారు. కప్పు ఇప్పుడు మామగారి బాల్కనీలో, నారాయణరావుగారి కిటికీకి ఎదురుగా ఉంది. దాని దుమ్ము తుడిచే ఉద్యోగం నాది.

అలా తుడుస్తూనే, కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఎవరి దెబ్బనూ బాగుచెయ్యను. మధ్యకొచ్చినదాన్ని "మీదే" అని వదలను. నిన్న పళ్ళెంలో ఆఖరి గారె మిగిలింది. ప్రమాణం గుర్తొచ్చి, ఇల్లు అదిరేలా "నాది!" అని అరిచాను.

మామగారు అప్పటికే నములుతున్నారు.

"అరిస్తే చాలదురా," అన్నారు, "అందుకోవాలి."