బండి ఆపి వరస కలిపే ఎల్లక్క

మా ఎల్లక్కకున్న పిచ్చి ఒక్కటే. రోడ్డు మీద పోయే బండిని ఆపి, నడిపేవాడితో చుట్టరికం కలపనిదే వదిలిపెట్టదు. స్కూటరైనా సరే, పత్తి లారీ అయినా సరే.

జనగామలో మా వీధి మలుపు దగ్గర ఆమె జొన్నరొట్టెల పొయ్యి. పొద్దున్నే మార్కెట్‌కు పోయే హమాలీలు అక్కడే తింటారు. హైదరాబాద్ రోడ్డు మీద రద్దీ ఎక్కువైతే బండ్లన్నీ మా వీధిలోకి మళ్లుతాయి, అదీ ఎవరో వెనక తరుముతున్నట్టు. ఉన్న ఒక్క స్పీడ్ బ్రేకర్‌ను పత్తి లారీలు ఒక్క సీజన్లోనే తొక్కి చదును చేశాయి. ఇప్పుడు మాకున్న స్పీడ్ బ్రేకర్ ఎల్లక్కే. పిండి చేతులతో రోడ్డు మధ్యకొచ్చి నిలబడుతుంది. ఆగకపోతే ఆ చెయ్యి చొక్కా మీద పడుతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడికి బ్రేకులు వాటంతటవే పడతాయి.

నేనేమో రోజూ రైల్లో హైదరాబాద్ పోయి ఉద్యోగం చేసొచ్చే మనిషిని. నా ప్రాణమంతా ఆ పొద్దుటి రైలు మీదే. పళ్లు తోముకుంటూ గడియారం చూస్తాను, గడియారం చూస్తూ బూట్లు వేసుకుంటాను, గడియారం చూస్తూనే స్టేషన్‌కు స్కూటర్ తోలుతాను. అలాంటివాణ్ని ఆపి అడుగుతుంది:

"దయాకర్ తమ్మీ, మీ అమ్మమ్మోళ్లది ఏ ఊరంటివి?"

"నిన్ననే చెప్పిన గదక్కా! తరిగొప్పుల."

"గట్లనా! మరి మా మేనత్త బిడ్డనిచ్చింది గా ఊరికే గద?"

"ఔనక్కా, గది గూడ నిన్ననే తేల్చినవ్. నేను నీకు తమ్మున్ని. ఇడువే, రైలు పోతది!"

"తమ్ముడంటె ఉత్తగనే అయితడా? నిలబడు. ఇంకో దిక్కుకెల్లి చూస్తే అల్లునివైతవేమో."

నేను అల్లుణ్ని అయ్యేలోపు రైలు కూత వినబడేది.

కాలేజీ పోరడు సాయికిరణ్ ఒకసారి ఆమెను తప్పించుకుని దూసుకుపోదామనుకున్నాడు. ఎల్లక్క హ్యాండిల్ పట్టేసింది. "ఎవ్వని కొడుకువురా?" అంటే వాడు హ్యాండిల్ విడిపించుకోబోయాడు. ఆమె వాడి ముక్కు వైపు తేరిపార చూసింది. "గీ ముక్కు రజనిది. మీ అమ్మ, నేను కలిసి నాట్లేసినం. చెయ్యి ఫోను!" ఫోన్ కలిసింది. అవతల రజని అడిగిన మొదటి మాట, "కాలేజి టైముల నువ్వు గాడేం జేస్తున్నవ్‌రా?" అప్పటినుంచి సాయికిరణ్ మా మలుపు రాగానే బండి దిగి తోసుకుంటూ వస్తాడు.

కొత్తగా వచ్చిన ఎస్సై జైసింగ్ జీపును కూడా ఆపింది. ఈరోజుతో ఎల్లక్క పని అయిపోయిందని మేమంతా అరుగుల మీదికొచ్చి నిలబడ్డాం.

"ఏ ఊరు సారూ మీది?"

"గంగారం దిక్కు తండా. పక్కకు జరుగమ్మా."

"గంగారమా! ఆడ దస్రు అని ఒకాయన ఉండె. మా నాయినతోని దోస్తానా కట్టిండు."

జైసింగ్ ముఖం మారిపోయింది. "దస్రు మా తాత."

"మరింకేంది! నేను నీకు మేనత్తనైతి. అత్త మీదికి జీపు తోలుకొస్తవా కొడుకా?"

ఎస్సై దిగి, రొట్టె తిని మరీ పోయాడు. ఇప్పుడు మలుపు రాగానే సైరన్ ఆపేసి, "అత్తా, జర పోనియ్యవే" అని బతిమాలుకుంటాడు.

ఇంతమందితో వరస కలిపిన మనిషి, మా వీధిలో ఒక్కరిని మాత్రం పలకరించదు. ఆయన లచ్చయ్య బాపు. ఒకప్పుడు మార్కెట్లో ధాన్యం తూచే దడువాయి. బస్తాను కంటితో చూసి బరువు చెప్పేవాడు. ఆ కళ్లిప్పుడు దాదాపు పోయాయి. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు, ఆయన తప్ప. పొద్దున్నే కర్ర ఆడించుకుంటూ రోడ్డు దాటి, అవతలి హోటల్లో పాత దోస్తులతో చాయ్ తాగితేనే ఆయనకు ఆ రోజు రోజు. అప్పుడెప్పుడో ఒక బైకు తగిలి పడితే కొడుకు నగేష్ కచ్చితంగా చెప్పేశాడు: "బాపూ, ఇంకొక్కసారి పడ్డవంటే మల్ల నిన్ను గడప దాటనియ్య."

పోనీలే పాపమని నేనొకసారి చెయ్యందించాను. "నాకేమన్న కండ్లు పోయినయారా?" అని కర్ర ఎత్తి నన్ను కొట్టబోయి, పక్కనున్న కరెంటు స్తంభాన్ని కొట్టాడు.

ఒకరోజు ఎల్లక్క మళ్లీ నా హ్యాండిల్ పట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోతోంది. ఆమె ముఖం చూడలేక అటూ ఇటూ చూస్తుంటే తెలిసింది, ఆమె కూడా నన్ను చూడటం లేదని. నోరు తరిగొప్పులలో ఉంది, కళ్లు నా వెనక ఉన్నాయి. తిరిగి చూస్తే లచ్చయ్య బాపు మెల్లగా రోడ్డు దాటుతున్నాడు. ఆయన కాలు అవతలి గట్టు మీద పడగానే, మా చిన్నమ్మ పెళ్లి ముచ్చట సగంలో వదిలేసి, "సరె, పో తమ్మీ" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. జీపు ఆపిందీ, సాయికిరణ్ ముక్కు చూసిందీ ఆ వేళకే. ఆమె మీద కోపమంతా కరిగి, చెప్పలేనంత ప్రేమ పుట్టింది. రైలు మాత్రం పోయింది.

"అక్కా, ఇదంత బాపు కోసమేనా?"

"చుప్! ఇనబడుతది. కండ్లు లేకున్నా చెవులు మంచిగనే ఉన్నయి ఆయినకు."

మొన్న రజని తన బిడ్డ పెళ్లికి ఎల్లక్కను పిలిచింది. చుట్టరికం కలిపాక పోకపోతే బాగుండదు కదా. పోయే ముందురోజు నన్ను ఆపి, ఏ ఊరని అడగకుండా, "తమ్మీ, రేపు నేనుండ. నీ రైలుకు జర లేటైతదేమో" అంది.

మర్నాడు మలుపు దగ్గరికొచ్చేసరికి బాపు కర్ర రోడ్డు మీద టకటకలాడుతోంది. నా వెనక ఆటో, దాని వెనక పత్తి లారీ. బండిని రోడ్డుకు అడ్డంగా పెట్టేశాను. ఒకటే హారన్లు.

"ఏమైందన్నా?" అన్నాడు ఆటో అతను.

"నీది... ఏ ఊరు తమ్మీ?"

"మానుకోట."

"మానుకోటనా! ఆడ మా... మా..." మానుకోటలో నాకు పిట్ట కూడా తెలియదు. "ఆడ ఎండలెట్లున్నయి?"

"పొద్దుగాల్నే తాగినవా అన్నా?"

లారీ డ్రైవర్ దిగొచ్చాడు. వాణ్నీ ఏ ఊరని అడిగాను. అటు రైలు కూసింది. అయినా బండి తియ్యలేదు. ఆటో అతను నా చూపు వెంట చూసి, బాపును గమనించి, ఇంజన్ ఆపేశాడు. లారీ హారన్ కూడా ఆగింది.

బాపు అవతలి గట్టెక్కి, నా గొంతు వినబడ్డ వైపు తిరిగాడు.

"ఎవడ్రా గది, దయాకరా? గా ఎల్లి రోగం నీకు గూడ అంటిందా? నడిరోడ్డు మీద గీ ముచ్చట్లేందిరా! నేను గాబట్టి చూసుకుంట తప్పుకొని వచ్చిన. కండ్లు కనబడనోడైతే ఏమైతుండె?"

"తప్పయింది బాపూ," అన్నాను.